రాబర్ట్ క్రమ్ గీత, పాట: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో కార్టూన్లు వేసే తెలుగువాళ్ళూ, పాత గ్రామఫోను రికార్డులు పోగేసే తెలుగువాళ్ళూ క్రమ్ గురించి అడిగే ప్రశ్నల్ని ఇక్కడ చేర్చాం. జీవితం గురించి కొంత, చేతిపని గురించి ఎక్కువ. ఆయన బొమ్మల్ని ఆయన విన్న పాటల నుంచి విడదీసి చూస్తే సగమే అర్థమవుతుందని మా నమ్మకం. అందుకే పాళీ, మాండలిన్, లక్క రికార్డు మూడూ ఈ పేజీలో పక్కపక్కనే ఉంటాయి.

క్రమ్ ఎవరు?

అమెరికన్ కార్టూనిస్టు. 1943 ఆగస్టు 30న ఫిలడెల్ఫియాలో పుట్టారు. చిన్నప్పుడు అన్న చార్లెస్ పట్టుబట్టి ఇంట్లో కామిక్స్ పుస్తకాలు తయారుచేయించేవాడు. చేయి తిరిగింది అక్కడే. 1962లో క్లీవ్‌లాండ్ వెళ్ళి గ్రీటింగ్ కార్డుల కంపెనీలో చేరారు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరుకున్నారు. 1968లో జాప్ కామిక్స్ మొదటి సంచిక వచ్చింది. దాన్ని హెయిట్ వీధిలో పిల్లల తోపుడుబండిలో పెట్టుకుని అమ్మారు. అప్పట్లో అమెరికా దుకాణాల్లో దొరికే కామిక్స్ 1954లో ప్రచురణకర్తలు పెట్టుకున్న కామిక్స్ కోడ్ అనే నిబంధనలకి లోబడి ఉండేవి. జాప్ ఆ కట్టుబాట్లను పూర్తిగా పక్కన పెట్టింది. పెద్దవాళ్ళ కోసం, ఒక్కడే రాసి, గీసి, అక్షరాలు కూడా చేత్తో వేసే కామిక్స్‌కి అది దారి తీసింది.

1981లో వియర్డో అనే పత్రిక మొదలుపెట్టారు. 1991లో కుటుంబంతో దక్షిణ ఫ్రాన్సులోని సోవ్ అనే ఊరికి వెళ్ళిపోయారు. ఆ ఇంటికి ధరగా ఇచ్చింది ఆరు స్కెచ్‌బుక్కులు. బైబిల్ ఆదికాండం 50 అధ్యాయాలనూ బొమ్మలుగా వేసిన పుస్తకం 2009లో వచ్చింది. భార్య అలీన్ కొమిన్‌స్కీ-క్రమ్ కూడా పేరున్న కార్టూనిస్టే. ఆమె 2022లో చనిపోయారు.

బొమ్మలకీ పాటలకీ నిజంగా అంత సంబంధం ఉందా?

ఉంది. పెద్ద పాదం ముందుకు చాచి నడిచే మనిషి బొమ్మ, 'కీప్ ఆన్ ట్రకిన్', ఆయన వేసినవాటిలో జనానికి బాగా తెలిసింది. అది బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే బ్లూస్ (అమెరికా నల్లవాళ్ళ పాటల పద్ధతి) గాయకుడు 1936లో రికార్డు చేసిన పాటలోని మాటల నుంచి పుట్టింది. 1968లో జానిస్ జాప్లిన్ పాడిన బ్యాండు ఆల్బమ్ 'చీప్ థ్రిల్స్'కి అట్ట వేసింది కూడా ఆయనే. వెనక అట్ట కోసం గీసినది బ్యాండు వాళ్ళకి నచ్చి ముందుకొచ్చింది. కానీ ఆ తరం రాక్ సంగీతం మీద ఆయనకి ప్రేమ లేదు. ఆయన మనసంతా 1920, 30ల నాటి బ్లూస్, జాజ్, పల్లె పాటల మీదే.

ఆ ప్రేమ చూడాలంటే 1980లో వచ్చిన 36 బ్లూస్ కళాకారుల కార్డులు చూడండి. ఒక్కో కార్డు మీద ఒక్కో గాయకుడు, వెనక చిన్న పరిచయం. 1982లో తొలి జాజ్ కళాకారుల మీద 36, 1985లో పల్లె సంగీతకారుల మీద 40 వచ్చాయి. చాలామందికి మిగిలింది ఒకటో రెండో మసక ఫోటోలే. వాటి నుంచే కోటు మడత, టోపీ అంచు, గిటారు పట్టుకున్న వేళ్ళు తేల్చుకుని వేశారు. ఈ మూడు సెట్లూ 2006లో ఒకే పుస్తకంగా, పాటల సీడీతో సహా వచ్చాయి. క్రమ్‌ని మొదటిసారి చూడబోయేవాళ్ళకి మేం ఇచ్చేది ఈ పుస్తకమే.

ఆయన ఏ వాద్యం వాయిస్తారు?

బాంజో, మాండలిన్ ముఖ్యం. 1970ల్లో ఆర్. క్రమ్ అండ్ హిజ్ చీప్ సూట్ సెరెనేడర్స్ అనే బృందం పెట్టారు. రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, అల్ డాడ్జ్ మొదటి నుంచీ ఉన్నారు. టెర్రీ జ్విగాఫ్ తర్వాత చేరి సెల్లో వాయించాడు. 1974, 1976, 1978ల్లో మూడు ఎల్పీలు (పెద్ద వినైల్ రికార్డులు) వచ్చాయి. 1994లో క్రమ్ మీద డాక్యుమెంటరీ తీసింది ఈ జ్విగాఫే. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని వాయించినవాడు కాబట్టే ఆ సినిమాలో ఆ చనువు కనిపిస్తుంది.

ఫ్రాన్సులో డొమినిక్ క్రావిక్ నడిపే లే ప్రిమిటీఫ్ దు ఫ్యూచర్ బృందంలో మాండలిన్ వాయించారు, అట్టలూ వేశారు. న్యూయార్క్‌కి చెందిన ఈస్ట్ రివర్ స్ట్రింగ్ బ్యాండుతోనూ అంతే. వినడం మొదలుపెట్టేవాళ్ళు సెరెనేడర్స్ మొదటి ఎల్పీతో మొదలుపెట్టండి. బాంజో ఎక్కడా ముందుకు దూకదు, తాళం పట్టుకుని నడుస్తుంది.

పిల్లలకి చూపించవచ్చా?

కామిక్స్ అయితే వద్దు. చాలావాటిలో నగ్నత్వం, హింస ఉన్నాయి. స్త్రీలను, నల్లవాళ్ళను చూపించిన తీరు మీద దశాబ్దాలుగా గట్టి విమర్శలు ఉన్నాయి. అవి న్యాయమైనవే. ఆయన చేతి నైపుణ్యం ఎంత గొప్పదైనా ఆ పేజీలు చదివేవాళ్ళను గాయపరుస్తాయి. సంగీతకారుల కార్డులు, 1979లో మాటల్లేకుండా 12 గడుల్లో వేసిన 'ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ అమెరికా' పదేళ్ళ పిల్లలకి కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చు. పచ్చిక బయలు మెల్లగా కూడలిగా మారే ఆ 12 గడులు చూస్తుంటే, వైట్‌ఫీల్డ్‌ని, మారతహళ్ళిని పాతికేళ్ళుగా ఎరిగినవాళ్ళకి గుండె పట్టేస్తుంది.

ఏ పెన్నుతో వేస్తారు? ఇక్కడ ఏది కొనాలి?

స్కెచ్‌బుక్కుల్లో ఎక్కువగా రాపిడోగ్రాఫ్, అంటే గొట్టం మొన ఉండే టెక్నికల్ పెన్ను. కామిక్స్ పేజీలకి సిరాలో ముంచి గీసే సన్నటి క్రో క్విల్ పాళీ. రెండూ వేరు. టెక్నికల్ పెన్ను గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. పాళీ నొక్కితే లావు, వదిలితే సన్నం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 0.35 మిల్లీమీటర్ల టెక్నికల్ పెన్ను ఒక్కటి కొనండి. సిరా మళ్ళీ నింపుకునే రకమైతే ఖర్చు తగ్గుతుంది. 0.1, 0.18 మొనలు ముందే కొనకండి, అవే తొందరగా పూడుకుపోతాయి. కాగితం 250 జీఎస్ఎం నున్నటి బ్రిస్టల్ లేదా ఐవరీ కార్డు. మామూలు కార్ట్రిడ్జ్ కాగితం మీద పాళీ మొన పీచు పట్టుకుంటుంది, గీతకి మీసాలు వస్తాయి.

కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి తుడిచాకే సిరాలో ముంచండి. లేకపోతే సిరా బొట్లుబొట్లుగా జారి పేజీ మీద పడుతుంది. ముంచేటప్పుడు పాళీ మధ్యలో ఉన్న రంధ్రం దాకానే.

పెన్ను వారానికే పూడుకుపోతోంది. ఎందుకు?

గొట్టం లోపల వెంట్రుకంత సన్నని తీగ, దానికో చిన్న బరువు ఉంటాయి. పెన్ను ఊపినప్పుడు టిక్కు టిక్కుమనేది అదే. సిరా ఆరిపోతే ఆ తీగ అతుక్కుంటుంది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే గీయడం ఆపేయాలి.

వెంటనే చేయాల్సింది: మొన భాగం విప్పి గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా ఉంచండి. పొద్దున మళ్ళీ నీళ్ళు మార్చి మెల్లగా ఊపండి. సన్న మొనల్లోంచి తీగను బయటికి లాగకండి, వంగితే మొన పోయినట్టే. వేడినీళ్ళు వద్దు, ప్లాస్టిక్ మర చెడుతుంది.

రాకుండా ఉండాలంటే మూత గట్టిగా బిగించి, మొన పైకి ఉండేలా నిలబెట్టండి. వారంలో రెండు మూడుసార్లయినా గీయండి. నెల రోజులు ఊరెళ్తుంటే సిరా పూర్తిగా ఒంపి కడిగి పెట్టండి. టెక్నికల్ పెన్నులకని రాసి ఉన్న సిరానే పోయండి. పాళీల కోసం అమ్మే వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకుల్లో కొన్నిటిలో లక్క ఉంటుంది. అది ఆరితే నీళ్ళకి కరగదు. ఫౌంటెన్ పెన్నులో పోస్తే ఆ పెన్ను మీద ఆశ వదులుకోవాలి.

ఆ అడ్డగీతల నీడలు ఎలా వేయాలి?

క్రాస్ హ్యాచింగ్‌లో అందరూ తొందరపడేది రెండో పొర దగ్గర. వరస ఇది:

1. హెచ్‌బీ పెన్సిలుతో ఆకారం మాత్రమే గీయండి. నీడలు పెన్సిలుతో నింపొద్దు.
2. బయటి గీతలు సిరాతో పూర్తిచేసి కనీసం అరగంట ఆరనివ్వండి. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు గాలిలో తేమకి గంట పట్టినా ఆశ్చర్యం లేదు.
3. మొదటి పొర గీతలు ఒక మిల్లీమీటరు ఎడంతో, వస్తువు ఒంపు వెంట గీయండి. చెంప గుండ్రమైతే గీతా గుండ్రమే.
4. రెండో పొర మొదటిదానికి 20 నుంచి 30 డిగ్రీల వాలులో. నిలువుకి అడ్డంగా 90 డిగ్రీలు వేస్తే దోమతెరలా కనిపిస్తుంది, నీడ కనిపించదు.
5. మూడో పొర బాగా చీకటి ఉన్నచోటే.
6. నీడ అంచుకి, బయటి గీతకి మధ్య వెంట్రుకవాసి తెలుపు వదలండి. క్రమ్ పేజీల్లో లావుపాటి కాళ్ళు, బూట్లు కాగితం మీద నుంచి లేచినట్టుండేది ఎక్కువగా ఈ తెలుపు వల్లే.

అచ్చయ్యే కొలతకి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేయండి. గీతల మధ్య ఒక మిల్లీమీటరు అచ్చులో 0.67 అవుతుంది. అంతకంటే దగ్గరగా గీస్తే నాసిరకం కాగితం మీద గీతలు కలిసిపోయి నల్లమచ్చ అవుతుంది. స్కానింగ్ 600 డీపీఐ గ్రేస్కేల్‌లో చేసి, తర్వాత నలుపు తెలుపుకి మార్చుకోండి. ఫోన్ ఫోటోలో ఒక మూల నీడ పడి సన్న గీతలు ఎగిరిపోతాయి.

ఆయన ఇంగ్లీషు అక్షరాలు చేత్తో వేస్తారు. తెలుగుకి అలా కుదురుతుందా?

కుదురుతుంది, చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లీషు పెద్దక్షరాలకి పైనా కిందా ఏమీ ఉండవు. మనకి పైన గుడులు, కింద వత్తులు. అక్షరం ఒళ్ళు 5 మిల్లీమీటర్లుంటే వరసకీ వరసకీ మధ్య 7 అయినా వదలాలి. పై వరస 'స్త్రీ' కింది వరస 'కీ' గుడిని గుద్దుకోవడం రోజూ చూసే తప్పు. ముందు మాటలు రాయండి, తర్వాత చుట్టూ బుడగ గీయండి. బుడగ ముందు గీసినవాళ్ళ చివరి మాట ఎప్పుడూ నలిగిపోయే ఉంటుంది. గుండ్రటి తెలుగు అక్షరానికి 0.5 టెక్నికల్ పెన్ను చక్కగా సరిపోతుంది.

ఎదురుగా చూసి గీయడానికి ఏది మంచిది?

కరెంటు స్తంభాలు. నవ్వకండి. క్రమ్ స్తంభాల, తీగల, సైన్‌బోర్డుల ఫోటోలు తీయించి దగ్గర పెట్టుకునేవారు. అలాంటివి ఊహించి వేయలేమని ఆ డాక్యుమెంటరీలోనే చెబుతారు. చిక్‌పేటలోనో అవెన్యూ రోడ్డులోనో ఒక స్తంభం ముందు అరగంట నిలబడండి. ట్రాన్స్‌ఫార్మరు, పింగాణీ గిన్నెలు, కేబుల్ టీవీ చుట్ట, ఎవరో కట్టిన కన్నడ జెండా, కిందన పూలబుట్ట. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్ళతో వెంబడించి, తర్వాత గీయండి. ఫోటో తీసుకెళ్ళినా ఈ వెంబడించడం మానొద్దు. ఫోటోలో తీగలన్నీ ఒకే చదునుగా కలిసిపోతాయి.

భోజనం వచ్చేలోపు హోటల్లో బల్ల మీది కాగితాల మీద ఆయన వేసిన బొమ్మలతో విడిగా పుస్తకాలే వచ్చాయి. దర్శిని హోటళ్ళలో అంత తీరిక దొరకదు, ఎంటీఆర్ వరుసలో దొరుకుతుంది.

78 రికార్డులంటే ఆయనకి అంత పిచ్చి ఎందుకు?

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులివి. ఆయనకి ఇష్టమైన సంగీతం దొరికేది వాటిలోనే. చార్లీ ప్యాటన్ లాంటి బ్లూస్ గాయకుల రికార్డులు పారామౌంట్ అనే లేబుల్ కింద వచ్చేవి. అది విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ నడిపిన లేబుల్. నాసిరకం సరుకుతో, కొద్ది కాపీలే అచ్చేశారు. 1942లో యుద్ధం వల్ల లక్క కొరత వచ్చి అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల వాడకానికి కోత పెట్టింది. పాత రికార్డులు తుక్కు కింద పోగై కరిగిపోయాయి. అలా కొన్ని పాటలకి ప్రపంచంలో ఒకటీ అరా కాపీలే మిగిలాయి. ఆ లక్కలో ఎక్కువ భాగం వెళ్ళింది మన దేశం నుంచే. ఏటికొప్పాక బొమ్మల మీద, బెంగళూరు పక్కనే చన్నపట్న బొమ్మల మీద మెరిసే లక్కే, రాతిపొడి, మసి కలిసి ఆ రికార్డయింది. క్రమ్ బొమ్మలిచ్చి రికార్డులు మార్చుకునేవారు. 1980ల్లో ప్యాటన్ జీవితాన్ని కామిక్‌గా వేశారు. వింటూ వేశారని ప్రతి గడిలోనూ తెలుస్తుంది.

మా తాతగారి 78 రికార్డులున్నాయి. మామూలు టర్న్‌టేబుల్ మీద పెట్టవచ్చా?

ఎల్పీ ముల్లుతో వద్దు. 78 రికార్డు గాడి వెడల్పుగా ఉంటుంది. దానికి 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి, ఎల్పీ ముల్లు 0.7 మిల్. సన్న ముల్లు గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. పాట కంటే చప్పుడు ఎక్కువ, ముల్లూ చెడుతుంది. మీ కార్ట్రిడ్జ్‌కి, అంటే ముల్లు బిగించే భాగానికి, 78 ముల్లు విడిగా దొరుకుతుందేమో చూడండి. ముల్లు మీద పెట్టే బరువు కార్ట్రిడ్జ్‌తో వచ్చిన సూచనల కాగితంలో రాసినంత, మామూలుగా 3 నుంచి 5 గ్రాములు.

టర్న్‌టేబుల్‌కి 33, 45 వేగాలే ఉంటే 78 ముల్లు పెట్టి 45లో తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించండి. తర్వాత ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ తెరిచి 45 నుంచి 78 ఎంచుకోండి. 1.733 రెట్లు వేగం పెరిగి అసలు శ్రుతి వస్తుంది. రికార్డు చేసేటప్పుడు మోనో పెట్టండి, గరగర తగ్గుతుంది.

కీ ఇచ్చే పాత గ్రామఫోనైతే ఉక్కు ముల్లు ఒక పక్కకి ఒకటి. వాడిన ముల్లు మళ్ళీ వాడితే అది గాడిని కోస్తుంది. 1950ల తర్వాతి రికార్డులు, అరుదైనవి దాని మీద పెట్టకండి.

రికార్డులు ఎలా కడగాలి?

స్పిరిట్, శానిటైజర్, ఐసోప్రొపైల్ ఏదీ దగ్గరికి రానివ్వొద్దు. లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే మెరుపు పోయి బూడిద రంగుకి తిరుగుతుంది, దానికి మందు లేదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు సబ్బు ద్రవం. మెత్తటి బ్రష్‌తో గాడి తిరిగే దిశలోనే. లేబుల్ తడవకూడదు. వెంటనే ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరబెట్టండి. అంచు దగ్గర పగులుంటే తడపకండి, నీళ్ళు పొరలోకి దిగి ఉబ్బుతుంది.

నిలబెట్టే దాచాలి. పడుకోబెట్టి దొంతర పెడితే కిందివి పగులుతాయి. పదంగుళాలవి పాతిక చేరితే 5 కిలోలు దాటుతాయి, అందుకని పలచటి ప్లైవుడ్ అర పనికిరాదు. వానాకాలంలో గోడకి ఆనించొద్దు, బూజు ముందు పట్టేది కాగితపు కవరుకే.

బెంగళూరులో ఎక్కడ చూడాలి?

కార్టూన్లకి ఎంజీ రోడ్డు దగ్గర మిడ్‌ఫోర్డ్ హౌస్‌లో ఇండియన్ కార్టూన్ గ్యాలరీ ఉంది, 2007 నుంచి నడుస్తోంది. అసలు పేజీలు కళ్ళముందు చూస్తేనే సిరా ఎక్కడ ఆగిందో, ఎక్కడ తెల్లరంగుతో దిద్దారో తెలుస్తుంది. సంగీతానికి జేపీ నగర్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియం. పాత రికార్డులకి చిక్‌పేట వైపు ఆదివారం సంత. పొద్దున్నే వెళ్ళండి. కొనేముందు వెలుతురులో వాలుగా పట్టి చూడండి, వేలితో అంచంతా తడమండి. పగులు కంటికంటే వేలికి ముందు తగులుతుంది.

మాండలిన్ నేర్చుకోవాలా, బాంజోనా?

మాండలిన్. ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది, నేర్పేవాళ్ళూ ఉన్నారు. అయితే చెప్పి అడగండి: క్రమ్ వాయించేది జంట తీగల మాండలిన్, నాలుగు జతలు, 8 తీగలు, కింది నుంచి జి, డి, ఎ, ఇ. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం పలికించింది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. గమకానికి ఒంటి తీగ కావాలి, ఈ పాత అమెరికన్ పాటల గలగలకి జంట తీగ కావాలి. మొదటి నెల జి, సి, డి7 మూడు కార్డ్‌లే (కలిపి మీటే స్వరాల గుంపులు), తాళం తప్పకుండా.

టెనర్ బాంజోకి 4 తీగలు: సి, జి, డి, ఎ. బాంజో ముఖానికి ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్కే వాడుతున్నారు. తోలుదైతే వానలో మృదంగంలాగే శ్రుతి దిగిపోతుంది. బిగించేటప్పుడు ఎదురెదురు మరల్ని జతగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. ఒకవైపే బిగిస్తే ముఖం చిరుగుతుంది. తీగలు ఆనే చెక్క బ్రిడ్జి అతికించి ఉండదు, జరుగుతుంది. 12వ మెట్టు మీద తీగని తాకీ తాకనట్టు మీటి, తర్వాత నొక్కి మీటండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జిని తోకవైపు ఒక వెంట్రుక జరపండి, తక్కువైతే మెడవైపు.

ఆ బృందంలో రంపం వాయించేవారట, నిజమేనా?

నిజమే. ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించేవాడు. వడ్రంగి చేతిరంపం, 26 అంగుళాలు లేదా ఇంకా పొడుగు, పలచటి రేకు. పిడిని మోకాళ్ళ మధ్య పట్టుకుని, పళ్ళు మీవైపు పెట్టుకోండి. ఎడమచేత్తో కొసని వంచి ఇంగ్లీషు ఎస్ ఆకారం తేవాలి. ఆ ఒంపు మారేచోట చదునుగా ఉండే భాగం ఒకటే పలుకుతుంది. అక్కడ పళ్ళులేని అంచు మీద కమాను లాగండి. ఎక్కువ వంచితే స్వరం పైకి, పలికే చోటు కొసవైపు జరుగుతుంది. చాలామందికి మొదట్లో కీచుమనేది వంపు ఒకటే ఉండి రెండోది లేకపోవడం వల్ల. మంచి వయొలిన్ కమాను దీనికి వాడకండి, వెంట్రుకలు తెగుతాయి.

క్రమ్ బొమ్మని టీషర్టు మీద వేసుకుని అమ్మవచ్చా?

వద్దు. 'కీప్ ఆన్ ట్రకిన్' బొమ్మని అడగకుండా స్టిక్కర్లు, చొక్కాలు, లారీల మడ్‌ఫ్లాపుల మీద వేసి ఎందరో అమ్ముకున్నారు. ఆనాటి అమెరికా చట్టంలో కాపీరైట్ గుర్తు లేకుండా అచ్చయితే హక్కే ప్రశ్నార్థకం అయ్యేది. ఆ బొమ్మ మీద హక్కు కోసం ఆయన కోర్టులకెక్కాల్సి వచ్చింది. మన దేశంలో 1957 చట్టం ప్రకారం బొమ్మ వేసిన క్షణం నుంచే హక్కు మీది, నమోదు తప్పనిసరి కాదు. వేసినవారి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. అయినా మీ ప్రతి పేజీ మూల పేరు, ఏడాది రాయండి. స్కానింగ్‌లో కత్తిరించుకుపోకుండా అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, బొమ్మలో భాగంగానే రాయండి. తారీఖు వేసిన పెన్సిల్ చిత్తుప్రతులు పారేయకండి. వివాదం వస్తే ముందు అడిగేది అవే.